శివారు బస్ ర్యాపిడ్ ట్రాన్సిట్: ప్రధాన రహదారి మధ్యలోనా, విడి దారిలోనా? ఏది మేలు?

శివారు ప్రాంతానికి బస్ ర్యాపిడ్ ట్రాన్సిట్ లైను, అంటే బస్సులకే కేటాయించిన దారిలో వేగంగా నడిచే బస్సుల లైను, వేయాలన్న ఆలోచన మొదలైన చోటల్లా పటం మీద దాదాపు ఒకే పరిస్థితి కనిపిస్తుంది. ఒక పక్క దుకాణాలు, బడులు, ఆస్పత్రులు, కార్యాలయాలు బారులు తీరిన ప్రధాన రహదారి ఉంటుంది. అది ఎప్పుడూ వాహనాలతో కిక్కిరిసే ఉంటుంది. దానికి అర కిలోమీటరు నుంచి కిలోమీటరు దూరంలో, ఇంచుమించు సమాంతరంగా, ఎవరికీ పట్టని ఖాళీ పట్టీ ఒకటి ఉంటుంది. అది రైళ్లు నిలిచిపోయిన పాత రైలు మార్గం కావచ్చు, కాలువ గట్టు కావచ్చు, హైటెన్షన్ తీగల కింది జాగా కావచ్చు. చేతిలో ఖాళీ నేల ఉండగా రద్దీ రోడ్డుతో తగువెందుకన్న ప్రశ్న, ఈ విషయం మీద రాసినప్పుడల్లా పాఠకులు నన్ను అడుగుతూనే ఉన్నారు. విడివిడిగా ఇచ్చిన చిన్న జవాబులు చాలడం లేదు కనుక రోడ్డు మధ్య దారినీ, ఆ ఖాళీ పట్టీ మీద వేసే విడి దారినీ పక్కపక్కన పెట్టి చూస్తున్నాను.

ప్రత్యేక లేను, ఎక్కకముందే టికెట్టు, ప్లాట్‌ఫారంతో సమానమైన ఎత్తులో బస్సు అంతస్తు, కూడళ్ల వద్ద బస్సుకు ప్రాధాన్యం వంటి మూల లక్షణాలు తెలిసినవే కనుక వాటి జోలికి వెళ్లను. ఏ దారిని ఎంచుకున్నా అవన్నీ ఉంటాయనే అనుకుందాం. బస్సులను, టికెట్ యంత్రాలను, సిగ్నల్ పరికరాలను తరువాతైనా మార్చుకోవచ్చు. కాంక్రీటు పోసిన దారిని పక్కకు జరపడం మాత్రం ఎవరి వల్లా కాదు. అందుకే ఈ ఒక్క నిర్ణయానికి మిగిలిన అన్నింటికంటే ఎక్కువ సమయం కేటాయించాలి.

విడి దారి బలం

విడి దారి పక్షాన ఉన్న వాదనలు బలహీనమైనవి కావు. వాటికి నాలుగైదు దశాబ్దాల అనుభవం అండగా ఉంది. అమెరికాలోని పిట్స్‌బర్గ్ 1977లో దక్షిణ శివార్లకు, 1983లో తూర్పు శివార్లకు బస్సులకు మాత్రమే చెందిన దారులు వేసింది. తూర్పు దారి రైలు మార్గాన్ని ఆనుకుని సాగుతుంది. కెనడా రాజధాని ఒట్టావా కూడా 1983లోనే ట్రాన్సిట్‌వే అనే తన బస్సు దారి తొలి భాగాలను ప్రారంభించింది. ఆస్ట్రేలియాలోని అడిలైడ్ నగరం టోరెన్స్ నది వెంబడి 12 కిలోమీటర్ల ఓ-బాన్ దారిని 1986లో మొదలుపెట్టి 1989 నాటికి పూర్తిచేసింది. అందులో బస్సులు గంటకు 100 కిలోమీటర్ల వేగం అందుకునేలా నిర్మాణం జరిగింది. బ్రిస్బేన్ ఆగ్నేయ బస్‌వే 2000, 2001 సంవత్సరాల్లో మోటార్‌వే పక్కన వచ్చింది. లాస్ ఏంజలెస్‌లోని శాన్ ఫెర్నాండో లోయలో 2005లో తెరిచిన ఆరెంజ్ లైను పాత సదరన్ పసిఫిక్ రైలు మార్గం మీద సుమారు 22 కిలోమీటర్లు నడిచింది. ఇంగ్లాండులోని కేంబ్రిడ్జి కూడా మూతపడిన రైలు మార్గాన్నే 2011లో బస్సులకు ఇచ్చింది.

ఇవన్నీ విడి దారిని ఎంచుకోవడానికి కారణాలు మూడు. మొదటిది వేగం. మలుపులు తక్కువ, అడ్డదారులు తక్కువ, రోడ్డు పక్కన ఆగే వాహనాలు అసలే ఉండవు. రెండవది నిర్మాణ సౌలభ్యం. వాహనాలను మళ్లించవలసిన పని లేదు, మంచినీటి గొట్టాలను, మురుగు కాల్వలను, తంతులను పెద్ద ఎత్తున తరలించవలసిన అవసరం రాదు, పగలంతా పని చేసుకోవచ్చు. పాత కట్టల గట్టిదనాన్ని, తూములను పరీక్షించుకోవలసి ఉంటుంది గాని, అది ఇంజనీర్లకు అలవాటైన పనే. మూడవది రాజకీయ కారణం: కార్ల నుంచి ఒక్క లేనును కూడా తీసుకోవలసిన అవసరం ఉండదు. నిజాయితీగా చెప్పాలంటే చాలాచోట్ల నిర్ణయాన్ని నడిపించేది ఈ మూడవ కారణమే. మొదటి రెండూ దానికి తోడుగా వస్తాయి.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. విడి దారి అనగానే కూడళ్లు లేని దారి అని చాలామంది అనుకుంటారు. పాత రైలు మార్గం ఊరి రోడ్లను నేలమట్టంలోనే దాటుతుంటే, బస్సు కూడా అలాగే దాటుతుంది. లాస్ ఏంజలెస్‌లో లైను తెరిచిన తొలి వారాల్లోనే ఎర్ర సిగ్నల్ దాటి వచ్చిన వాహనాలు బస్సులను ఢీకొన్నాయి. ఆ తరువాత కూడళ్ల వద్ద బస్సులు బాగా నెమ్మదించి దాటాలన్న నిబంధన పెట్టవలసి వచ్చింది. అంటే ఏ వేగం కోసం విడి దారిని ఎంచుకున్నారో ఆ వేగంలో కొంత కూడళ్ల వద్దే పోయింది. ప్రతి అడ్డరోడ్డు దగ్గరా వంతెనో అండర్‌పాసో కడితే ఆ చిక్కు తీరుతుంది. అయితే అప్పుడు విడి దారి చవక అన్న వాదన నిలవదు.

రోడ్డు మధ్య దారి బలం

ప్రధాన రహదారి మధ్యలో, డివైడర్ ఉండవలసిన చోట రెండు దిశలకూ బస్సు లేన్లు వేసే పద్ధతికి బ్రెజిల్‌లోని కురిటీబా పేరు ముందుగా చెప్పుకోవాలి. వాస్తుశిల్పి కూడా అయిన మేయర్ జైమే లెర్నర్ కాలంలో, 1974లో అక్కడ తొలి బస్సు మార్గాలు మొదలయ్యాయి. కొలంబియా రాజధాని బొగోటాలో 2000 సంవత్సరం డిసెంబరులో మొదలైన ట్రాన్స్‌మిలేనియో, స్టేషన్ల వద్ద బస్సులు ఒకదాన్నొకటి దాటివెళ్లే అదనపు లేన్లతో ఈ పద్ధతి మోయగల బరువు ఎంతో చూపింది. అహ్మదాబాద్‌లో 2009లో ప్రారంభమైన జన్‌మార్గ్ కూడా రోడ్డు మధ్యలోనే నడుస్తుంది.

శివారు లైనుకు ఇంత సామర్థ్యం అక్కర్లేదన్నది గుర్తుంచుకోవాలి. మూడు నిమిషాలకు ఒక బస్సు చొప్పున వేసుకున్నా గంటకు ఒక దిశలో 20 బస్సులే అవుతాయి. అందువల్ల దాటివెళ్లే లేన్లు లేకుండా, దిశకు 3.5 మీటర్ల చొప్పున రెండు లేన్లు, స్టేషన్ల దగ్గర ప్లాట్‌ఫారాలకు మరో ఐదారు మీటర్లు, మొత్తం 12 నుంచి 13 మీటర్ల వెడల్పు సరిపోతుంది. దాదాపు 45 మీటర్ల వెడల్పున్న శివారు రహదారిలో ఇది ఇమిడే కొలతే, ఎవరి ఇల్లూ కూల్చవలసిన పని లేదు. కావలసింది రోడ్డును ఎవరికి ఎంత పంచాలన్న నిర్ణయం.

రోడ్డు మధ్య దారికి ఉన్న అసలు చిక్కు కూడళ్లలో ఉంది. బస్సు లేనును అడ్డంగా కోసుకుంటూ తిరిగే వాహనాలకు విడిగా ఒక సిగ్నల్ దశ ఇవ్వాలి, లేదా ఆ మలుపును నిషేధించి ముందుకు వెళ్లి వెనుదిరిగి వచ్చే ఏర్పాటు చేయాలి. నేను రెండవదాని పక్షాన ఉన్నాను. దీనికి కారణం చిన్న లెక్క. రెండు దిశల్లో కలిపి గంటకు 40 బస్సులు వస్తుంటే, 120 సెకన్ల సిగ్నల్ చక్రం (అన్ని దిశలకూ ఒకసారి పచ్చదీపం వచ్చిపోయే వ్యవధి) గంటకు 30 సార్లే తిరుగుతుంది. అంటే సగటున ప్రతి చక్రంలోనూ ఒకటికి మించి బస్సులు వస్తాయి. ప్రతి బస్సుకూ సిగ్నల్‌ను ఆపి పచ్చదీపం చూపడం అప్పుడు కుదరదు. యంత్రం ఎంత తెలివైనదైనా ఇది మారదు. బస్సుకు నిజమైన మేలు చేసేది సిగ్నల్ దశలను తగ్గించి, చక్రాన్ని 80, 90 సెకన్లకు కుదించడం. దశలు తగ్గితే బస్సు తక్కువసేపు ఆగుతుంది, రోడ్డు దాటవలసిన మనిషి కూడా తక్కువసేపు ఆగుతాడు.

ఢిల్లీ అనుభవాన్ని ఇక్కడ తప్పించుకుని పోలేం. అంబేద్కర్ నగర్ నుంచి మూల్‌చంద్ వరకు 5.8 కిలోమీటర్ల మేర 2008లో తెరిచిన దారిని, హైకోర్టు 2012లో సమర్థించినా, 2016లో తొలగించారు. ఆ దారిలో బస్సు ప్రయాణికులకు మేలు జరిగింది. కార్లలో వెళ్లేవారికి ఆలస్యం కళ్లకు కట్టింది. ప్రయాణికుల మేలు చూపించగలిగేంత పొడవు ఆ దారికి లేకపోయింది. రోడ్డు మధ్య దారి పనికిరాదనడానికి దీన్ని సాక్ష్యంగా చూపేవారున్నారు. నాకు మాత్రం, ఒక లైను తన ప్రయాణికులను కూడగట్టుకునేలోగా చుట్టూ వ్యతిరేకత కూడగట్టుకుంటే ఏమవుతుందో అది చూపిందనిపిస్తుంది. శివారు లైనును ముక్కలుగా తెరవాలనుకునేవారు తొలి ముక్కే ఒక పూర్తి ప్రయాణానికి ఉపయోగపడేంత పొడవు ఉండేలా చూసుకోవాలి.

తేల్చేది నడక

వేగం, ఖర్చు, నిర్మాణ కాలం ఇవన్నీ నివేదికల్లో మొదటి పుటల్లో ఉంటాయి. నా దృష్టిలో శివారు లైను భవితను తేల్చేది వీటిలో ఏదీ కాదు; ఇంటి గడప నుంచి స్టేషన్ ప్లాట్‌ఫారం దాకా మనిషి నడవవలసిన దూరం, ఆ నడక తీరు.

ఒక ఊహా లైనును తీసుకుని లెక్క చూద్దాం. పొడవు 15 కిలోమీటర్లు. రహదారి మధ్యలో అయితే గంటకు 50 కిలోమీటర్ల బస్సు వేగం, 15 స్టేషన్లు, ఆగి బయల్దేరడానికి ఒక్కోచోట 40 సెకన్ల నష్టం, 20 సిగ్నళ్ల వద్ద సగటున 15 సెకన్ల చొప్పున ఆలస్యం అనుకుందాం. సగం దూరం, అంటే 7.5 కిలోమీటర్లు వెళ్లే ప్రయాణికుడికి సుమారు 16 నిమిషాలు పడుతుంది. విడి దారిలో వేగం 60 కిలోమీటర్లు, సిగ్నళ్లు లేవు, మధ్యలో ఆగే చోట్లు తొమ్మిదే, ఒక్కోచోట 45 సెకన్లు అనుకుంటే, అదే దూరానికి 11 నిమిషాలు. విడి దారి ఐదు నిమిషాలు మిగిల్చింది. మామూలు నడకలో నిమిషానికి 80 మీటర్లు వెళ్తామనుకుంటే, ఆ ఐదు నిమిషాలు 400 మీటర్లకు సమానం. స్టేషన్ 400 మీటర్లు అదనంగా దూరమైతే చాలు, వంతెనలు కట్టి సంపాదించిన వేగమంతా కాలినడకలో హారతి కర్పూరమైపోతుంది.

లెక్క ఇక్కడితో ఆగదు. రవాణా ప్రణాళికల్లో నడిచే నిమిషాన్నీ, ఎదురుచూసే నిమిషాన్నీ బస్సులో కూర్చున్న నిమిషంకంటే బరువైనదిగా, తరచుగా రెట్టింపు బరువుగా లెక్కించడం ఆనవాయితీ. ఎండలో, వానలో, చేతిలో సంచీతో, చంకలో బిడ్డతో నడిచినవారికి ఈ ఆనవాయితీకి కారణం ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ లెక్కన 200 మీటర్ల అదనపు నడకే విడి దారి మిగిల్చిన ఐదు నిమిషాలను తినేస్తుంది. లైనుకు రెండు చివరలా నడక ఉంటుంది కాబట్టి ఆ 200 మీటర్లు ఇంటి దగ్గర 100, పని దగ్గర 100గా కూడా రావచ్చు.

పటం మీద స్టేషన్ చుట్టూ 500 మీటర్ల వృత్తం గీసి, అందులోని ఇళ్లన్నీ లైనుకు చేరువే అని రాసే నివేదికలు ఈ విషయాన్ని పూర్తిగా కప్పేస్తాయి. రైలు మార్గానికి, కాలువకు ఇళ్లు వీపు చూపిస్తాయి. ప్రహరీ గోడలు, పెరడు తలుపులు, ముందుకు సాగని వీధులు, వంతెనలేని కాలువ: వీటి మధ్య నేరుగా 300 మీటర్లున్న దూరం కాలినడకన కిలోమీటరు కావడం శివార్లలో మామూలు సంగతి. వృత్తంలో సగం కాలువకు అవతల పడితే ఆ సగాన్ని లెక్కలోంచి తీసేయాలి. నడిచే బాటల వెంట కొలిచిన పటాన్ని ప్రణాళికకు మొదటి పత్రంగా పెట్టాలని నేను గట్టిగా కోరుకుంటాను. దాన్ని తయారుచేయడానికి పెద్ద యంత్రాంగం అక్కర్లేదు, వీధి పటం మీద ప్రతి స్టేషన్ నుంచి నడవగల దారులను మాత్రమే అనుసరించి కొలిస్తే చాలు.

దూరంతో పాటు ఆ నడక తీరు కూడా ఉంది. రాత్రి తొమ్మిదికి ప్రధాన రహదారి మీద దిగిన మహిళకు దుకాణాల వెలుతురు, వచ్చిపోయే మనుషులు తోడుగా ఉంటారు. కాలువ గట్టు స్టేషన్‌లో దిగినప్పుడు ఆ తోడు ఉండదు. దీపాలు, కెమెరాలు పెట్టవచ్చు, పెట్టాలి కూడా. అవి మనుషుల సందడికి బదులు కాలేవు. రాత్రి తిరుగు ప్రయాణం మీద నమ్మకం లేనివారు పొద్దున కూడా ఆ బస్సు ఎక్కరు.

అలాగని రహదారి మధ్య దారికి నడక చిక్కులు లేవనలేను. ప్రయాణికుడు ప్రతి ప్రయాణంలోనూ సగం రోడ్డు దాటాలి: ఒక పక్క మూడు లేన్లు, సుమారు 11 మీటర్లు. దీనికి చాలాచోట్ల దొరికే జవాబు ఫుట్‌ఓవర్ బ్రిడ్జి. రోడ్డు మీద 5.5 మీటర్ల ఖాళీ వదిలి, వంతెన మందం కూడా కలుపుకుంటే నడిచే అంతస్తు సుమారు 6.5 మీటర్ల ఎత్తున వస్తుంది. చక్రాల కుర్చీకి పనికొచ్చే వాలు, అంటే 12కు ఒకటి చొప్పున ర్యాంపు కడితే ఎక్కడానికి 78 మీటర్లు, దిగడానికి మరో 78 మీటర్లు. మధ్యలో ఆగే చదునులు కలిపితే ఇంకా ఎక్కువ. పదకొండు మీటర్లు దాటడానికి 150 మీటర్లకు పైగా నడక! మెట్లయితే 40కి పైగా ఎక్కాలి, అన్నీ దిగాలి. ఇస్తాంబుల్‌లో 2007 నుంచి డీ-100 హైవే మధ్యలో నడుస్తున్న మెట్రోబస్సు ఎంతో జనాదరణ పొందింది. కానీ అది హైవే కావడం వల్ల స్టేషన్లకు చేరడానికి పొడవైన పాదచారుల వంతెనలే దిక్కు. హైవే మధ్యలో వేరే గతి లేదు. శివారు రహదారి మీద ఉంది.

ఆ గతి నేలమీది దాటు. స్టేషన్‌కు రెండు చివరలా జీబ్రా క్రాసింగ్, రోడ్డుకు కొంచెం ఎత్తుగా లేపిన దాటు పట్టీ, పాదచారులకు సొంత సిగ్నల్, చక్రం 90 సెకన్లకు మించకపోవడం, స్టేషన్ల సమీపంలో మిగిలిన వాహనాల వేగాన్ని కట్టడి చేయడం. కురిటీబా ఇంకా ముందుకు వెళ్లింది. అక్కడ బస్సు లేన్లకు రెండు పక్కలా స్థానిక వాహనాలు నెమ్మదిగా నడిచే చిన్న దారులే ఉంటాయి. వేగంగా పోయే వాహనాలను ఒక వీధి అవతల, చెరో పక్క ఉన్న ఏకదిశ రోడ్లకు పంపారు. కాబట్టి ఫుట్‌పాత్ నుంచి స్టేషన్‌కు వెళ్లే మనిషి దాటవలసింది నెమ్మదైన చిన్న దారిని మాత్రమే. ఆ నగరం గురించి చెప్పేటప్పుడు గాజు గొట్టాల్లాంటి స్టేషన్ల గురించి అందరూ చెబుతారు. వేగవంతమైన వాహనాలను పక్క వీధికి మళ్లించిన ఈ ఏర్పాటే నాకు వాటికంటే విలువైనదిగా కనిపిస్తుంది, శివారులో సర్వీసు రోడ్లున్న చోట దీన్ని అనుసరించడం కూడా తేలిక.

బస్సే ఇంటి దగ్గరకు వస్తే

విడి దారి పక్షం వారు దీనికి చెప్పే సమాధానం ఒకటుంది, అది గట్టి సమాధానమే. మనిషి స్టేషన్ దాకా నడవడం ఎందుకు, బస్సే కాలనీల్లో తిరిగి ప్రయాణికులను ఎక్కించుకుని విడి దారిలోకి వస్తే సరిపోతుంది కదా అంటారు. ఒట్టావా, బ్రిస్బేన్, అడిలైడ్ చేసింది అదే. అడిలైడ్‌లో 12 కిలోమీటర్ల దారికి మూడే స్టేషన్లు. అయినా అది నిలబడింది, ఎందుకంటే చివరన బస్సులు దారి దిగి శివారు వీధుల్లోకి వెళ్లిపోతాయి. ప్రయాణికుడు మారవలసిన పని లేదు. బొగోటాలో దీనికి భిన్నంగా శివారు బస్సులు చివరి టెర్మినల్ వరకే తెస్తాయి. అక్కడ దిగి పెద్ద బస్సు ఎక్కాలి.

శివార్లకు సంబంధించినంతవరకు దిగి మారే పద్ధతికంటే నేరుగా వెళ్లే పద్ధతే మేలని నేనూ ఒప్పుకుంటాను. ఇళ్లు పలచగా ఉన్నచోట ప్రతి మార్పిడీ కొందరు ప్రయాణికులను పోగొడుతుంది. అయితే దీనికి ముందుగా రెండు విషయాల్లో నిర్ణయం జరగాలి. మొదటిది ప్లాట్‌ఫారం ఎత్తు. సుమారు 90 సెంటీమీటర్ల ఎత్తైన ప్లాట్‌ఫారాలు కడితే, ఆ ఎత్తుకు సరిపడే బస్సు కాలనీలోని మామూలు ఫుట్‌పాత్ దగ్గర ఎవరినీ ఎక్కించుకోలేదు. 30, 35 సెంటీమీటర్ల ఎత్తులో కట్టి, అంతస్తు తక్కువగా ఉన్న బస్సులు వాడితే రెండు చోట్లా పనికొస్తాయి. రెండవది తలుపులు. రెండు దిశలకూ కలిపి నడుమ ఒకే ప్లాట్‌ఫారం కడితే బస్సుకు మామూలుగా తలుపులుండే పక్కకు ఎదురు పక్కన తలుపులు కావాలి; కాలనీలో ఆగడానికి మామూలు పక్కనా కావాలి. ఇస్తాంబుల్ ఈ చిక్కును బస్సులను ఎదురు పక్కన నడిపి తప్పించింది. శివారు లైనుకు అంత సాహసం అక్కర్లేదు. దిశకు ఒకటి చొప్పున రెండు పక్క ప్లాట్‌ఫారాలు కడితే మామూలు తలుపులతోనే పని జరుగుతుంది. వెడల్పు కొంచెం ఎక్కువ పట్టినా, రెండింటినీ కూడలికి చెరో పక్కకు జరిపి ఆ వెడల్పును సర్దుకోవచ్చు. బస్సు సిగ్నల్ దాటిన తరువాత ఆగేలా ప్లాట్‌ఫారం వేస్తే సిగ్నల్ ప్రాధాన్యం కూడా బాగా పనిచేస్తుంది, ఎందుకంటే ప్రయాణికులు ఎక్కి దిగే సమయాన్ని యంత్రం ముందే ఊహించవలసిన అవసరం ఉండదు.

చూడగలిగితే ఈ రెండు నిర్ణయాలూ రహదారి మధ్య దారికి కూడా వర్తిస్తాయి. బస్సులు కాలనీల్లోంచి రావడం విడి దారికి మాత్రమే సొంతమైన సుగుణం కాదు. పైగా నేరుగా వెళ్లే పద్ధతికి ఒక పరిమితి ఉంది: కాలనీల్లో ఆలస్యమైన బస్సులు ప్రధాన దారిలోకి గుంపుగా వస్తాయి, అవతలి చివర నగర కేంద్రంలో వాటికి దారి లేకపోతే అక్కడ పేరుకుపోతాయి. ఒట్టావాలో శివార్లలో హాయిగా సాగిన బస్సులు నగర నడిబొడ్డున రెండు మామూలు వీధుల్లోని లేన్ల మీద బారులు తీరేవి. చివరికి ఆ నగరం ట్రాన్సిట్‌వేలో ప్రధాన భాగాన్ని రైలుగా మార్చి, నడిబొడ్డున సొరంగం తవ్వి 2019లో తెరిచింది. శివారు లైను గురించి ఆలోచించేవారు కేంద్రంలోని ఆఖరి రెండు కిలోమీటర్లను మరొకరి సమస్యగా వదిలేయకూడదు.

కట్టేటప్పుడు

నిర్మాణంలో రహదారి మధ్య దారి కష్టమైనదే, దాచనవసరం లేదు. బస్సులు రోజంతా ఒకే గాడిలో నడుస్తాయి కనుక, మరీ ముఖ్యంగా బ్రేకు వేసే స్టేషన్ల దగ్గర, తారు గుంతలు పడి అలలు తేలుతుంది; కాంక్రీటు పోయక తప్పదు. కాంక్రీటు పూర్తి బలం పుంజుకోవడానికి 28 రోజుల ప్రమాణం ఉంది కాబట్టి ఆ మేర రోడ్డు సగం మూతపడుతుంది. మొత్తం రోడ్డును ఒకేసారి తవ్విపోయకుండా కిలోమీటరు, రెండు కిలోమీటర్ల ముక్కలుగా పూర్తిచేసుకుంటూ వెళ్లడం వర్తకులకూ, ప్రయాణికులకూ మేలు. కాంక్రీటు కింద ఏ గొట్టం మూతా, ఏ తంతి గుంటా మిగలకూడదు; ఒక్క మూత మిగిలినా దాన్ని బాగుచేసిన ప్రతిసారీ లైను ఆగుతుంది. వాననీరు బస్సు లేను వైపు వాలకుండా రోడ్డు వాలును తిరిగి సరిచూడాలి.

వీటికంటే నేను పట్టుబట్టేది టెండరు విషయంలో. బస్సు లేన్లు ఒక కాంట్రాక్టులో, ఫుట్‌పాత్‌లు, దాటు పట్టీలు, వీధి దీపాలు మరో సంస్థ కింద మరో కాంట్రాక్టులో ఉండడం సర్వసాధారణం. డబ్బు తగ్గినప్పుడు వాయిదా పడేది ఎప్పుడూ రెండవదే. దారి తయారవుతుంది, బస్సులు వస్తాయి, స్టేషన్‌కు నడిచే బాట మాత్రం మట్టిగానే ఉంటుంది. ప్రతి స్టేషన్ నుంచి కనీసం 500 మీటర్ల వరకు నడిచే బాటలు, దాటు పట్టీలు, దీపాలు లైనులో భాగంగా, ఒకే టెండరులో, ఒకే గడువుతో ఉండాలి. అవి పూర్తికాని స్టేషన్‌ను తెరవకూడదు.

మిగిలినవి

రోడ్డు అంచు లేను గురించి కూడా అడుగుతుంటారు. చవక, త్వరగా గీయవచ్చు, ప్రయాణికుడు ఫుట్‌పాత్ మీదే ఎక్కుతాడు. కానీ దుకాణం ముందు ఆగే వాహనాలు, సందుల్లోంచి వచ్చేవి, పక్కకు తిరిగేవి అన్నీ ఆ లేనులోకే వస్తాయి. శివారులో సందులు తక్కువగా ఉండి నిఘా గట్టిగా ఉన్నచోట తాత్కాలికంగా పనికొస్తుంది. హైవే అంచున ఖాళీ పట్టీ మీద నడిచే ఎక్స్‌ప్రెస్ బస్సులు దూర శివార్లకు మంచివే, దారి పొడవునా ఉండే మనుషులకు మాత్రం ఉపయోగపడవు. ఇక చక్రాలను పక్క పట్టీలతో నడిపించే గైడెడ్ దారి ఇరుకు వంతెనల మీద, సొరంగాల్లో అర్థవంతం. శివారులో దానికి పెట్టే ఖర్చును దాటు పట్టీల మీద పెట్టమంటాను.

విడి దారినే ఎప్పుడు ఎంచుకుంటాను?

మూడు షరతులు కలిసివచ్చినప్పుడు నేనూ విడి దారికే ఓటు వేస్తాను. ఆ పట్టీ వెంబడి ఇళ్లు, పని చోట్లు ఇప్పటికే ఉండాలి, లేదా వాటిని అక్కడే కట్టించేలా భూవినియోగ నిబంధనలు లైనుతో పాటే మారాలి. ప్రహరీలను తెరిచి, కాలువ మీద కాలిబాట వంతెనలు వేసి, నడిచే దారులను కొత్తగా కలపడానికి డబ్బు ముందే కేటాయించి ఉండాలి. కేంబ్రిడ్జిలో బస్సు దారి పక్కనే వేసిన బాట సైకిళ్లకు, పాదచారులకు ఎంతో ఉపయోగపడుతోంది. ఐదు నిమిషాల్లో కాలినడకన 400 మీటర్లు వెళ్లే మనిషి సైకిలు మీద కిలోమీటరుకు పైగా వెళ్తాడు కనుక, అలాంటి బాట, స్టేషన్ల వద్ద భద్రమైన సైకిలు స్టాండ్లు ఉంటే నడక లోటు చాలావరకు పూడుతుంది. మూడవది, ముఖ్యమైన అడ్డరోడ్ల దగ్గర వంతెనలు మొదటి దశలోనే కట్టాలి, రెండవ దశకు వాయిదా వేయకూడదు.

ఈ మూడింటిలో ఒక్కటి తగ్గినా నేను ప్రధాన రహదారికే తిరిగి వస్తాను. అప్పుడు కూడా అందరూ భయపడే ఇరుకు కిలోమీటరు ఒకటి ఎక్కడో ఎదురవుతుంది. అక్కడ బస్సు లేనును ఆపేసి, ఇరుకు దాటాక మళ్లీ మొదలుపెడదామన్న సలహా వస్తుంది. రద్దీ అంతా ఉండేది ఆ కిలోమీటరులోనే కనుక, లేను అక్కడ లేకపోతే మిగిలిన పద్నాలుగు కిలోమీటర్లలో అది చేసే మేలు స్వల్పం. ఆ ఇరుకులో రెండు దిశలకూ స్థలం చాలకపోతే సిగ్నల్‌తో నడిచే ఒకే లేనులో బస్సులను వంతులవారీగా పంపవచ్చు. మూడు నిమిషాలకు ఒక బస్సు వచ్చే శివారు లైనులో, ఆ భాగం మూడు నాలుగు వందల మీటర్లకు మించకపోతే, అది సాధ్యమే. అంతకంటే పొడవైతే వ్యక్తిగత వాహనాలను ఒక దిశలో పక్క వీధికి మళ్లించాలి. ప్రణాళిక మొదటి నెలలోనే ఆ కిలోమీటరుకు కొలతలతో సహా నమూనా గీసి, అక్కడి నివాసులతో, వర్తకులతో మాట్లాడి ఒప్పందానికి వచ్చి, ఆ తరువాతే మిగిలిన లైను గీతలు మొదలుపెట్టాలి.